1939 ఫోర్డ్ కూపే, తలుపు మీద 22: ఇది నిజంగా పాత స్టాక్ కార్ రేసుల బండేనా?

ఈనో_ఒడ్డు (కేరీ, నార్త్ కరోలినా)

అందరికీ నమస్తే. ఇక్కడికి గంటన్నర దూరంలో ఒక పెద్దాయన దగ్గర పాత ఫోర్డ్ కూపే (రెండు తలుపుల కారు) అమ్మకానికి ఉంది. మన ప్రకాశం జిల్లాలో ఉండేలాంటి పొగాకు బ్యారన్‌లోనే ఏళ్ల తరబడి పడి ఉంది. ముందు మడ్‌గార్డులు లేవు, వెనకవి సగానికి కోసేశారు. లోపల ఒకటే సీటు. డ్రైవర్ వెనక నీళ్ల పైపు లాంటిది వంచి ఫ్లోర్‌కి వెల్డింగ్ చేశారు. తలుపుల హ్యాండిళ్లు తీసేసి తోలు పట్టీతో కట్టారు. రెండు తలుపుల మీదా తెల్ల రంగుతో 22 అంకె ఉంది.

ఇది 1939 మోడల్ అనీ, అంకె 22 కాబట్టి రెడ్ బైరన్ అనే పాత రేసర్ నడిపిన బండి అనీ, వాళ్ల నాన్న 50లలో కొన్నారనీ పెద్దాయన చెబుతున్నారు. అబద్ధం చెప్పే మనిషిలా అనిపించలేదు, తను నమ్మిందే చెబుతున్నారు. కానీ ధర మామూలు కూపేకి దాదాపు మూడింతలు.

మేం ఇంటిల్లిపాదీ ఆదివారాలు హిల్స్‌బరోలో ఆకనీచీ స్పీడ్‌వే ట్రయల్‌కి వెళ్తుంటాం. 1949 నుంచి 1968 దాకా నాస్కార్ (అమెరికాలో స్టాక్ కార్ రేసులు, అంటే షోరూమ్ తరహా కార్లతో రేసులు పెట్టే సంస్థ) రేసులు జరిగిన మట్టి ట్రాక్ అది, ఇప్పుడు మలుపుల్లో పైన్ చెట్లు పెరిగి నడకదారి అయింది. నాకు ఈ పిచ్చి అక్కడే పట్టుకుంది. ఇలాంటి బండి నిజంగా రేసుల్లో తిరిగిందో లేదో, ఏ సంవత్సరానిదో, ఎవరిదో ఎలా తేల్చుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జార్జియా400 (కమింగ్, జార్జియా)

అన్నా, ముందుగా ఒక మాట. 22 అంకెని చూసి ఒక్క డాలర్ కూడా ఎక్కువ ఇవ్వొద్దు. అంకె వెయ్యడానికి ఒక బ్రష్, అరగంట టైమ్ చాలు.

బైరన్ సంగతి కాస్త చెప్తాను, అప్పుడే మీరు ఏం వెతకాలో తెలుస్తుంది. 1947 డిసెంబర్‌లో డేటోనా బీచ్‌లో స్ట్రీమ్‌లైన్ హోటల్‌లో బిల్ ఫ్రాన్స్ మీటింగ్ పెట్టాడు, 1948 ఫిబ్రవరిలో నాస్కార్ పుట్టింది. యుద్ధం అయిపోయిన కొత్తలో షోరూమ్ బండ్లకి కరువు కదా, జనం కొత్త కారు దొరికితే చాలనుకుంటున్న రోజుల్లో దాన్ని తీసుకెళ్లి ట్రాక్ మీద పగలగొడితే ఊరుకోరని మొదటి ఏడాది అంతా పాత బండ్లని మార్చి నడిపే మాడిఫైడ్ రేసులే పెట్టారు. 1948 ఫిబ్రవరి 15న డేటోనా బీచ్ రేసు గెలిచింది బైరనే. బండి 39 ఫోర్డ్, ఓనర్ అట్లాంటా వ్యాపారి రేమండ్ పార్క్స్, ఇంజన్ సిద్ధం చేసింది మెకానిక్ రెడ్ వోట్. ఈ ముగ్గురూ మా అట్లాంటా చుట్టుపక్కల చరిత్ర. మా ఇంటి నుంచి జీఏ 400 రోడ్డు మీద పైకి పోతే డాసన్‌విల్, అక్కడి జార్జియా రేసింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆ కాలం కూపేలు చూడొచ్చు. వీకెండ్‌లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలా అని ఆలోచించే మన కమింగ్, ఆల్ఫారెటా వాళ్లు ఒకసారి వెళ్లి రండి.

ఇక అసలు విషయం. బైరన్ యుద్ధంలో బాంబర్ విమానంలో ఉండగా ఎడమ కాలికి బాగా దెబ్బ తగిలింది. ఆ కాలు క్లచ్ మీద నిలబడదు కాబట్టి వోట్ అతని బండిలో క్లచ్ పెడల్‌కే ఇనప పట్టు బిగించాడు, కాలు అందులో పెట్టి నడిపేవాడు. కాబట్టి వెళ్లినప్పుడు క్లచ్ పెడల్ పట్టుకుని చూడండి. బోల్టు రంధ్రాలు, వెల్డింగ్ మచ్చలు, అరిగిన చోట్లు ఏమన్నా ఉన్నాయా? లేకపోతే బైరన్ బండి కాదని అప్పుడే చెప్పలేం, పెడల్ తర్వాత మార్చి ఉండొచ్చు. ఉంటే మాత్రం ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడకుండా ముందు ఫొటో తీసుకోండి.

అసలు అది 39యేనా? వెనక లైట్లు, డ్యాష్‌బోర్డ్, గేర్ రాడ్ ఎలా ఉన్నాయి?

ఈనో_ఒడ్డు (కేరీ)

లైట్లు లేవు తమ్ముడూ, మడ్‌గార్డులతో పాటే పోయాయి. డ్యాష్ స్థానంలో రేకు ముక్క, దానిలో రెండు మీటర్లు. గేర్ రాడ్ ఫ్లోర్ మీద ఉంది. 39కే ఫ్లోర్ గేరు ఉంటుంది, 40కి స్టీరింగ్ దగ్గరికి మార్చారు అని చదివాను, అందుకే 39 అనుకుంటున్నాను.

ఫ్లాట్‌హెడ్_మామ (హైదరాబాద్)

గేరు చూసి ఏడాది చెప్పకు నాయనా. ఆ రోజుల్లో రేసు వాళ్లంతా స్టీరింగ్ గేరు తీసి పారేసి, ఏ బండిలో అయినా 39 గేర్‌బాక్సే వేసుకునేవాళ్లు. మార్చడం తొందరగా అవుతుంది, పార్టు చవగ్గా దొరుకుతుంది.

నేను పని నేర్చుకున్న గ్యారేజ్‌లో యుద్ధం నాటి ఫోర్డ్ లారీలు వచ్చేవి, అందులోవీ ఈ వీ8 ఇంజన్లే. అమెరికా పోకపోయినా ఈ ఇంజన్ మాత్రం కళ్లు మూసుకుని విప్పుతాను. బానెట్ పైకి లేపి ఈ నాలుగూ చూడు.

మొదటిది, ఒక్కో హెడ్‌కి (సిలిండర్ల మీది మూతకి) ఎన్ని స్టడ్‌లు (దాన్ని బిగించే బోల్టులు) ఉన్నాయో లెక్కపెట్టు. 21 ఉంటే 1932 నుంచి 38 మధ్య కాలపు ఇంజన్. 24 ఉంటే ఆ తర్వాతది. రెండోది, హెడ్ మీద నీళ్ల గొట్టం ఎక్కడ బయటికి వస్తోంది? నడుమ నుంచి వస్తే 48 దాకా వచ్చినది, 24 స్టడ్‌ల హెడ్‌కి ముందు చివర నుంచి వస్తే 1949 నుంచి 53 దాకా వచ్చిన 8బీఏ రకం. మూడోది డిస్ట్రిబ్యూటర్, అంటే స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచేది. పాతవాటికి ఇంజన్ ముక్కుకి అతుక్కుని కిందికి, కామ్‌షాఫ్ట్‌కి ఎదురుగా ఉంటుంది, 8బీఏకి ఇప్పటి ఇంజన్లలో మాదిరి నిటారుగా నిలబడి ఉంటుంది. నాలుగోది బెల్ హౌసింగ్, అంటే ఇంజన్ వెనక క్లచ్‌ని కప్పే తొడుగు. పాత బ్లాక్‌కి అది బ్లాక్‌తో పాటే పోత పోసి ఉంటుంది, 8బీఏకి విడిగా బోల్టులతో బిగిస్తారు. ఈ నాలుగూ ఒకే మాట చెబితే ఇంజన్ కాలం తేలినట్టే. కార్బురేటర్ల పక్కన 97 అని పోత అంకె ఉందేమో చూడు, ఉంటే అవి స్ట్రామ్‌బర్గ్ 97లు. రెండు కార్బురేటర్లు పెట్టాలంటే అప్పట్లో వాటినే వెతికేవాళ్లు.

కానీ ఇంజన్ ఏడాది అంటే బండి ఏడాది కాదు. ఇంజన్లు సీజన్‌కి రెండు మూడు మారేవి. బండి వయసు ఛాసిస్ చెబుతుంది.

పాతఫొటోలు (షార్లెట్)

మామ చెప్పింది అక్షరాలా నిజం. నేను బండ్లు విప్పను, పాత రేసుల ఫొటోలు పోల్చి చూడటం నా ఇష్టం. ఛాసిస్ నంబర్ గురించి నేను చెప్తాను.

ఆ ఫోర్డ్‌లకి నంబర్ ఛాసిస్ ఎడమ పట్టీ పైభాగంలో కొట్టి ఉంటుంది, స్టీరింగ్ బాక్స్ దగ్గర. అదే నంబర్ బాడీ కింద కనపడని చోట్ల మళ్లీ ఉంటుంది, గేర్‌బాక్స్ హౌసింగ్ మీద కూడా. ముందు ఒక నక్షత్రం, 18 అనే అంకె, గీత, ఆ తర్వాత పెద్ద నంబర్, చివర మళ్లీ నక్షత్రం. మీకు ముందు మడ్‌గార్డు లేదు కాబట్టి తేలిగ్గా అందుతుంది. గ్రైండర్ గానీ డ్రిల్‌కి పెట్టే వైర్ బ్రష్ గానీ దగ్గరికి తీసుకురావద్దు, నంబర్ పోతే చట్టపరంగా కూడా తలనొప్పి. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, చేతి బ్రష్‌తో మెల్లగా రుద్ది, సుద్ద పొడి రాసి పక్క నుంచి టార్చ్ కొట్టండి. నంబర్ 46 లక్షల పైన మొదలైతే 39, 52 లక్షలు దాటితే 40 మోడల్.

ఇంకో గుర్తు. తలుపు కిటికీలో ముందు వైపు చిన్న త్రికోణం అద్దం ఉండేందుకు పట్టీ దిగిన చోటు ఉందా? ఫోర్డ్‌కి అది 40లోనే వచ్చింది. తలుపులు మార్చి ఉండే అవకాశం ఉంది కాబట్టి రెండు తలుపులూ చూడండి.

జార్జియా400 (కమింగ్)

చక్రాలు కూడా చూడన్నా. 36 నుంచి 39 దాకా ఫోర్డ్ చక్రానికి బోల్టులు బాగా వెడల్పు వలయంలో ఉంటాయి, పదింపావు అంగుళాలు. ఇక్కడ దీన్ని వైడ్ ఫైవ్ అంటారు. 40 నుంచి ఐదున్నర అంగుళాలకి తగ్గించారు. చిన్న ఓవల్ ట్రాకుల్లో ఈ రోజుకీ వైడ్ ఫైవ్ హబ్బులు కొత్తగా తయారు చేసి అమ్ముతున్నారంటే ఆ డిజైన్ ఎంత గట్టిదో చూడు.

స్టెప్‌డౌన్ (కాంటన్, మిషిగన్)

మీరందరూ మాడిఫైడ్ కూపేల గురించి మాట్లాడుతున్నారు, వాటిని గుర్తుపట్టడం నిజానికి సుళువు. కోసేస్తారు, వెల్డింగ్ చేస్తారు, ఎక్కడ చూసినా గాయాలే. 1949 తర్వాత వచ్చిన స్ట్రిక్ట్‌లీ స్టాక్ బండ్లని గుర్తుపట్టడం అసలు పరీక్ష.

1949 జూన్ 19న షార్లెట్‌లో మొదటి స్ట్రిక్ట్‌లీ స్టాక్ రేసు జరిగింది. షోరూమ్‌లో ఎలా ఉందో అలాగే నడపాలన్నది రూల్. లీ పెట్టీ అడిగి తెచ్చుకున్న బ్యూక్ రోడ్‌మాస్టర్‌తో దిగి దాన్ని బోల్తా కొట్టించాడు. క్యాన్సస్ నుంచి వచ్చిన జిమ్ రోపర్ 49 లింకన్‌తో గెలిచాడు. అసలు మొదట వచ్చింది గ్లెన్ డనవే 47 ఫోర్డ్, కానీ వెనక స్ప్రింగ్ వెడల్పు చేసి ఉందని తనిఖీలో పట్టుకుని తీసేశారు. అలాంటి బండి రేసు అయ్యాక ఏమవుతుంది? తలుపు కట్టిన బెల్టు విప్పేసి, హెడ్‌లైట్ల మీద టేపు పీకేసి, మళ్లీ రోడ్డెక్కుతుంది, లేదా సెకండ్ హ్యాండ్ డీలర్ దగ్గరికి పోతుంది. 75 ఏళ్ల తర్వాత దాని మీద ఏం గుర్తు మిగులుతుంది?

నాకు ప్రాణం హడ్సన్ కంపెనీ హార్నెట్ కారు. మా ఇంటి దగ్గర ఇప్సిలాంటి ఆటోమోటివ్ హెరిటేజ్ మ్యూజియంలో హెర్బ్ థామస్ నడిపిన 52 హార్నెట్ ఉంది. దాని ముందు నిలబడితే కదలబుద్ధి కాదు. ఆరు సిలిండర్లు, 308 క్యూబిక్ ఇంచులు, అదీ వాల్వులు పక్కన ఉండే పాతకాలపు ఇంజన్, కానీ 1952లో 34 రేసుల్లో 27 హడ్సన్‌లే గెలిచాయి. ఎందుకంటే ఫ్లోర్ ఛాసిస్ పట్టీల నడుమకి దిగి ఉంటుంది, బరువంతా నేలకి దగ్గర, మలుపులో పడవలా ఊగే మిగతా బండ్ల పక్కన ఇది గీత గీసినట్టు పోయేది. ఎవరైనా "ఇది హార్నెట్" అంటే ముందు వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) కొలవండి, 124 అంగుళాలు ఉండాలి. 119 ఉంటే వాస్ప్ లాంటి చిన్న మోడల్‌కి హార్నెట్ బ్యాడ్జీ పెట్టినట్టు. సీరియల్ ప్లేట్ మీద 51కి 7ఏ, 52కి 7బి, 53కి 7సి, 54కి 7డి. కింద పడుకుని చూస్తే ఛాసిస్ పట్టీ వెనక చక్రాల బయటి వైపు నుంచి పోతుంది, ఇంకే అమెరికన్ బండికీ అప్పట్లో అలా ఉండేది కాదు.

అది రేసు హార్నెట్ అని చెప్పాలంటే కుడి ముందు హబ్బు, స్పిండిల్ (చక్రం తిరిగే ఇరుసు) చూడాలి. రేసర్ మార్షల్ టీగ్ పట్టుబట్టి హడ్సన్ కంపెనీ చేత బలమైన పార్టులు చేయించాడు, కఠిన వాడకానికి అనే పేరుతో కేటలాగ్‌లో పెట్టారు కాబట్టి అవి "స్టాక్" కిందే లెక్క. మామూలు ఇంటి బండికి అవి ఎవరూ కొనరు. ఇంకొకటి, కుడి ముందు చక్రం పైన ఫ్లోర్‌లో చిన్న మూత. గొలుసు లాగితే తెరుచుకుంటుంది, టైరు ఎంత అరిగిందో డ్రైవర్ చూసుకోడానికి. 1953లో టిమ్ ఫ్లాక్ తన హార్నెట్‌లో జాకో అనే కోతిని పక్కన కూర్చోబెట్టుకుని రేసులు నడిపాడు కదా, రాలీ ఊళ్లో జరిగిన రేసులో అది తాడు విప్పుకుని ఆ గొలుసే లాగింది, కిందినుంచి గులకరాయి ఎగిరి దాని తలకి తగిలి, అది ఫ్లాక్ మెడ మీదికి దూకింది. కోతి కథ అందరికీ గుర్తుంది, ఆ మూత సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. బండి కొనేవాడికి కావాల్సింది ఆ మూతే.

సెవీ57 (డల్లాస్)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకొకరు 57 షెవర్లే బ్లాక్ విడో అమ్ముతామంటున్నారు, నలుపు తెలుపు రంగు, ఫ్యూయల్ ఇంజెక్షన్ 283 ఇంజన్. ఒరిజినల్ అవుతుందా?

పాతఫొటోలు (షార్లెట్)

కాకపోవడానికే చాలా ఎక్కువ అవకాశం. అట్లాంటాలో రేసుల కోసం చాలా కొద్ది బ్లాక్ విడోలు తయారయ్యాయి, 57లోనే నాస్కార్ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆపేసింది, అదే జూన్‌లో కంపెనీలన్నీ రేసుల నుంచి తప్పుకున్నాయి. ఈ రోజు రోడ్డు మీద కనపడేవి దాదాపు అన్నీ తర్వాత చేసుకున్నవే. డ్రైవర్ తలుపు కీలు దగ్గర నంబర్ ప్లేట్ చూడండి. వీఏ57 అని మొదలవ్వాలి. వీ అంటే వీ8, ఏ అంటే 150 సిరీస్. బ్లాక్ విడోలు 150 సిరీస్ రెండు తలుపుల బండ్లే. అక్కడ వీసీ57 అని ఉంటే అది బెల్ ఎయిర్, మాట్లాడాల్సిన పని లేదు. మీ ప్రశ్నకి వేరే టాపిక్ పెట్టండి, అక్కడ వివరంగా చెప్తాను.

ఫ్లాట్‌హెడ్_మామ (హైదరాబాద్)

స్ప్రింగ్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 48 దాకా ఫోర్డ్‌లకి ముందొకటి వెనకొకటి అడ్డంగా ఉండే స్ప్రింగే. వెనక స్ప్రింగ్‌కి కంపెనీ ఇచ్చిన దానికంటే ఎక్కువ పట్టాలు ఉన్నాయా చూడు. దొంగసారా మోసే బండ్లకి అలా వేసేవాళ్లు, లోడు ఎక్కినా వెనకభాగం కుంగకుండా. డనవే బండి కూడా ఆ బాపతుదే. అది రేసుకి గుర్తు కాదు, సారాకి గుర్తు. రెండూ ఒక్కోసారి ఒకే బండి.

జార్జియా400 (కమింగ్)

ఎర్రమట్టి గురించి ఎవరూ చెప్పలేదు. అన్నా, బండిని కడగొద్దు! పెద్దాయన ప్రెషర్ వాషర్ పట్టుకొస్తే చేతులు పట్టుకుని ఆపు. ఛాసిస్ పట్టీల లోపల, తలుపుల అడుగున ఉన్న మట్టిని పొడిగా గోకి కవర్లో వేసి పేరు రాసిపెట్టు. డేటోనా బీచ్‌లో పరిగెత్తిన బండి అయితే లోపల ఇసుక ఉంటుంది, ఉప్పు తిన్న తుప్పు వేరే రకంగా ఉంటుంది. పీడ్‌మాంట్ (కరోలినా, జార్జియాల ఎర్రనేల ప్రాంతం) ట్రాకుల బండి అయితే ఎర్రమట్టి గట్టిపడి ఇటుకలా ఉంటుంది.

స్టెప్‌డౌన్ (కాంటన్)

దీనికి నేను ఒప్పుకోను. నార్త్ కరోలినాలో పొలానికి పోయే ప్రతి బండిలోనూ ఎర్రమట్టి ఉంటుంది. పొగాకు బ్యారన్‌లో ఉన్న బండిలో ఎర్రమట్టి దొరికిందంటే అది పొగాకు పొలంలో ఉందని మాత్రమే అర్థం.

జార్జియా400 (కమింగ్)

మట్టి ఉందా లేదా అని నేను అనడం లేదు, ఎక్కడుంది అంటున్నాను. పొలం బండికి మట్టి కింద ఉంటుంది. ఓవల్ ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమకే తిప్పుతారు, ముందు బండి వెనక చక్రాల నుంచి మట్టి ఎగిరి అద్దం లేని కిటికీలోంచి లోపలికి వస్తుంది. పైకప్పు లోపలి రేకు మడతల్లో, డ్రైవర్ వెనక గోడ పైన మట్టి పొర ఉంటే దానికి పొలం కారణం ఎలా అవుతుంది? దెబ్బలు కూడా అంతే. రెయిలింగ్‌కి రాసుకునేది కుడి పక్క. కుడి తలుపు, కుడి వెనక మూల నలిగి మళ్లీ సుత్తితో తీసినట్టుంటే, ఎడమ పక్క పెద్దగా దెబ్బల్లేకపోతే, అది ఒక సాక్ష్యం. ఒక్కదానితో తేలదు, నాలుగైదు కలిస్తే తేలుతుంది.

స్టెప్‌డౌన్ (కాంటన్)

పైకప్పు లోపల మట్టి అంటే ఒప్పుకుంటాను. అది మంచి పాయింట్.

పాతఫొటోలు (షార్లెట్)

పెయింట్ సంగతి నాకు వదిలెయ్యండి. ఈనో గారూ, పెద్దాయన అనుమతి తీసుకుని 22 అంకె అంచు దగ్గర రూపాయి బిళ్లంత చోట మాత్రమే 800 నంబర్ వాటర్ పేపర్ తడిపి మెల్లగా రుద్దండి. పొరలు వలయాలుగా బయటపడతాయి. ప్రతి పొరకీ ఒక కథ ఉంటుంది, ట్రాక్ బండ్లకి సీజన్‌కోసారి రంగు మారేది. ముఖ్యంగా ఒకటి చూడండి. 22 తెల్ల రంగు మంచి రేకు మీద, పాత రంగు మీద ఉందా, లేక తుప్పు పట్టి గుంటలు పడిన రేకు మీద ఉందా? తుప్పు గుంటల్లోకి తెల్ల రంగు దిగి ఉంటే బండి పాతబడి తుప్పు పట్టాక ఎవరో అంకె వేశారన్నమాట. 1948లో ఆ బండి వయసు తొమ్మిదేళ్లే.

రోల్ బార్ (బోల్తా పడితే కాపాడేందుకు డ్రైవర్ వెనక పెట్టిన ఆ వంచిన పైపు) కూడా ఫొటో తీయండి. 1952లో డేటోనాలో టిమ్ ఫ్లాక్ మాడిఫైడ్ రేసు ముందు వచ్చినా రోల్ బార్ చెక్కతో చేశాడని గెలుపు తీసేశారు. అంటే అప్పటికి ఇంకా ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టుకుంటున్నారు. ఒకే వంపు పైపు, దానికి ఆసరా లేకుండా ఫ్లోర్ రేకుకే వెల్డింగ్ ఉంటే తొలి రోజుల పద్ధతి. ఛాసిస్‌కి దింపి నాలుగు కాళ్లతో ఉంటే తర్వాతి కాలం. పైపుల వెల్డింగ్ మీద పెయింట్ ఎన్ని పొరలు ఉంది, బాడీ మీద ఎన్ని పొరలు ఉంది, పోల్చండి. సమానంగా ఉంటే పైపు రంగులతో పాటే పెరిగిందని అర్థం.

ఈనో_ఒడ్డు (కేరీ)

శనివారం వెళ్లొచ్చాను. పెద్దాయన చాలా ఓపిగ్గా అన్నీ చూడనిచ్చారు, టీ కూడా ఇచ్చారు. ఒక్కొక్కటీ రాస్తాను.

ఛాసిస్ నంబర్ సుద్ద పొడితో చక్కగా కనపడింది. నక్షత్రం, 18, గీత, ఆ తర్వాత 53తో మొదలయ్యే ఏడంకెల నంబర్. అంటే 40 మోడల్. కుడి తలుపుకి త్రికోణం అద్దం పట్టీ దిగిన చోటుంది, ఎడమ తలుపుకి లేదు. ఎడమది వేరే బండిది అయ్యుండాలి.

ఇంజన్ హెడ్‌కి 24 స్టడ్‌లు, నీళ్ల గొట్టం ముందు చివర, డిస్ట్రిబ్యూటర్ నిటారు, బెల్ హౌసింగ్ విడిగా బోల్టులతో. మామ గారు చెప్పిన నాలుగూ 8బీఏనే అంటున్నాయి. కార్బురేటర్లు రెండూ 97లే. ముందు చక్రాలు వైడ్ ఫైవ్, వెనకవి మామూలువి.

క్లచ్ పెడల్ మామూలుగా ఉంది, రంధ్రం గానీ వెల్డింగ్ గానీ లేదు. వెనక స్ప్రింగ్‌కి అదనపు పట్టాలు లేవు.

పైకప్పు మడతల్లో ఎర్రమట్టి పొర ఉంది! వేలితో తీస్తే పెంకులా ఊడి వచ్చింది. కుడి వెనక మూల రేకు బాగా నలిగి, లోపలి నుంచి సుత్తి దెబ్బలతో బయటికి తెచ్చారు, ఆ దెబ్బలు వరసగా కనపడుతున్నాయి. ఎడమ పక్క దాదాపు నున్నగా ఉంది.

పెయింట్. పాతఫొటోలు అక్క చెప్పినట్టే చేశాను. 22 తెల్ల రంగు తుప్పు గుంటల్లోకి దిగి ఉంది, గోరుతో గీస్తే అడుగున గోధుమ రంగు పొడి. దాని కింద నలుపు, ఆ కింద మీగడ రంగు, ఆ మీగడ మీద ఎర్ర రంగుతో చేత్తో రాసిన అంకె వంపు. 8 కావచ్చు, 3 కావచ్చు. అంకె కింద చిన్న అక్షరాల వరస చివర మాత్రం కనపడుతోంది, గ్యారేజ్ అన్న మాటలో చివరి మూడు అక్షరాలు. రోల్ బార్ వెల్డింగ్ మీద నలుపూ మీగడా రెండూ ఉన్నాయి.

జార్జియా400 (కమింగ్)

అన్నా, చూశారా! బైరన్ బండి 39, ఇది 40. పెడల్‌కి పట్టు గుర్తులు లేవు. 22 తర్వాత వేసింది. కాబట్టి ఆ కథ అయిపోయింది. కానీ ఇది నిజమైన రేసు బండి, అందులో నాకు అనుమానం లేదు. 8బీఏ ఇంజన్ ఉందంటే 50లలో, స్పోర్ట్స్‌మన్ క్లాస్‌లో ఊరి ట్రాకుల్లో తిరిగి ఉంటుంది. ఆ క్లాస్ అంతా 30ల చివరి, 40 మోడల్ కూపేలతోనే నిండిపోయి ఉండేది. మనం పెద్ద పేర్లే తలుచుకుంటాం గానీ, ఆ క్రీడని బతికించింది వారం మొత్తం మిల్లులో పనిచేసి శనివారం రాత్రి ఇలాంటి బండితో ట్రాక్ మీదికి వచ్చిన మనుషులు. ఇది వాళ్ల బండి. నాకు దీని మీద ఇంకా గౌరవం పెరిగింది.

ఫ్లాట్‌హెడ్_మామ (హైదరాబాద్)

ముందు వైడ్ ఫైవ్, వెనక మామూలు హబ్బు, ఎడమ తలుపు వేరే బండిది, ఇంజన్ వేరే ఏడాదిది. పని చేసే బండి ఇలాగే ఉంటుంది. అన్నీ ఒకే ఏడాదివి సరిగ్గా కుదిరి ఉంటే అప్పుడు భయపడాలి. తలుపు మార్చి కూపేని "సరిచేద్దాం" అని ఎవరన్నా సలహా ఇస్తే విననక్కర్లేదు.

స్టెప్‌డౌన్ (కాంటన్)

నేనైతే 22 తీసేసి కింది ఎర్ర అంకెని బయటికి తెస్తాను. అబద్ధం అంకెతో బండి ఎందుకు ఉండాలి?

పాతఫొటోలు (షార్లెట్)

తొందరపడొద్దు. మొత్తం రుద్దితే కింది అక్షరాలు కూడా పోతాయి, ఒకసారి పోతే మళ్లీ రావు. ఒక తలుపు మాత్రమే, అదీ తెలిసిన మనిషి చేత, పొర తర్వాత పొర తీయించాలి. ఒరిజినల్ అయిన కుడి తలుపు తీసుకోండి. రెండో తలుపు ఇప్పుడున్నట్టే ఉండనివ్వండి.

అంకె 8 అని గానీ 3 అని గానీ తేలాక అసలు వేట మొదలు. బూన్‌లో అపలాచియన్ స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీలో స్టాక్ కార్ రేసింగ్ కలెక్షన్ ఉంది, వాళ్లకి ఫొటోలతో రాయండి. ఆ చుట్టుపక్కల ఊళ్ల పాత వార్తాపత్రికల్లో సోమవారం సంచికలు చూడండి, శనివారం రేసు ఫలితాలు వాటిలో వస్తాయి. ఫొటో దొరికితే అంకెని పోల్చకండి, అంకె ఎవరైనా వేసుకుంటారు. కుడి వెనక మూల నలుగుడు, రోల్ బార్ వంపు, బానెట్ పట్టీల రంధ్రాలు, ఎడమ కిటికీకి త్రికోణం పట్టీ లేకపోవడం, వీటిని పోల్చండి. రెండు తలుపులూ రెండు రకాలుగా ఉన్న కూపే పాత ఫొటోలో కనపడితే ఇంతకంటే బలమైన సాక్ష్యం ఉండదు. పెద్దాయన నాన్నగారు ఎవరి దగ్గర కొన్నారో, ఏ ఊళ్లో కొన్నారో కూడా ఆయన చేత్తోనే రాయించి సంతకం తీసుకోండి, ఆ మాట ఆయనతో పాటు పోకూడదు.

జార్జియా400 (కమింగ్)

కాగితాల దగ్గర ఒక జాగ్రత్త. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద ఉన్న నంబర్ ఛాసిస్ నంబర్‌తో సరిపోవాలి. ఇంజన్ మారింది కాబట్టి ఎవరో మధ్యలో వేరే నంబర్‌తో టైటిల్ చేయించి ఉండే ప్రమాదం ఉంది. డబ్బు ఇచ్చేముందే చూడండి. అమ్మకం కాగితంలో "1940 ఫోర్డ్ కూపే, పాత రేసు బండి" అనే రాయించండి, బైరన్ పేరు గానీ 22 గానీ రానివ్వొద్దు. రేపు మీరు అమ్మినా ఇంకొకరు అదే కథ మళ్లీ మొదలుపెట్టకుండా ఉంటుంది.

ఈనో_ఒడ్డు (కేరీ)

టైటిల్ ఫొటో పంపమని అడిగాను, నంబర్ ఛాసిస్‌తో సరిపోయింది. 40 మోడల్ అని, 22 తర్వాత వేసిందని పెద్దాయనకి ఫోన్‌లో మెల్లగా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, వాళ్ల నాన్న దీన్ని అలమాన్స్ కౌంటీలో ఒక మిల్లు మెకానిక్ దగ్గర కొన్నారని, అప్పటికే నల్ల రంగు ఉండేదని చెప్పారు. 22 ఎవరు వేశారో మాత్రం చెప్పలేదు, నేనూ అడగలేదు. ధర సగానికి పైగా తగ్గించారు, కొన్న కథంతా రాసి ఇస్తానన్నారు.

వచ్చే వారం ట్రైలర్ మాట్లాడుకుని వెళ్తున్నాను. అలమాన్స్, ఆరెంజ్ కౌంటీల పాత పేపర్లు మైక్రోఫిల్మ్‌లో ఎక్కడ చూడొచ్చో కనుక్కుంటున్నాను, రాలీ, డర్హమ్ వైపు ఉన్నవాళ్లు ఎవరన్నా శనివారాలు లైబ్రరీకి తోడొస్తే చెప్పండి. ఎర్ర అంకె ఫొటోలు సాయంత్రం ఇక్కడే పెడతాను, 8యో 3యో మీరే చూసి చెప్పాలి.